ఏకు మేకయ్యే చోట

పేపరు చదివేవాళ్లకు ‘ఏకిపారేశారు’ అన్న మాట కొత్త కాదు. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని ఏకిపారేస్తుంది. విమర్శకులు సినిమాను ఏకిపారేస్తారు. ఆ మాట వినగానే మన మనసుకు తట్టేది కోపం, ఎదుటివాణ్ని పోగులు పోగులుగా పీకిపెట్టడం. అయితే ఏకడం పుట్టింది తగవులో కాదు, పనిలో. అదీ వేలికొసలతో చేసే చాలా మెత్తని పనిలో.

గింజ తీసిన పత్తి ఉండలు ఉండలుగా ఉంటుంది. మధ్యలో ఆకుపొడి, నలుసులు ఉంటాయి. దాన్ని ఉన్నపాటున రాట్నానికి పడితే నూలు సరిగా రాదు, పోగు తెగుతుంది. ముందు చిక్కులన్నీ విడిపోయి, ప్రతి పోచా దేనికది వదులు కావాలి. ఆ పనే ఏకడం. అలా ఏకిన దూదిని పలచగా పరిచి, సన్నని పుల్ల చుట్టూ చుట్టి, పుల్ల లాగేస్తే మిగిలే మెత్తని చుట్ట పేరు ఏకు. పనికీ, పని ఫలానికీ ఒకటే మాట. కన్నడంలో దీని తోబుట్టువు ‘ఎక్కు’, తమిళంలో ‘ఎఃకు’. రెండు చోట్లా దూదిని వేళ్లతో లాగి విడదీయడమే అర్థం. కాబట్టి ఇది మన దక్షిణాది భాషల సొంత ఆస్తి. ఒకటి అని చెప్పే సంస్కృత ‘ఏక’కూ దీనికీ చుట్టరికం లేదు. వినడానికి ఒకేలా ఉన్నా, అది కలిపే మాట, ఇది విడదీసే మాట.

ఈ మాట ఇంకా పనిముట్టు పట్టుకుని బతుకుతున్న ఊరు శ్రీకాకుళం జిల్లా పొందూరు. అక్కడ సన్నఖాదీకి దూదిని చేప దవడతో ఏకుతారు. వాలుగ చేప దవడ ఎముకకు సన్నని పళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ ఎముకను చిన్న పుల్లకు కట్టి దువ్వెనలా పట్టుకుంటారు. ఎడమచేతి వేళ్ల మధ్య పత్తికాయలోంచి తీసిన చిన్న తొన, కుడిచేతిలో దవడ. గింజను అంటిపెట్టుకున్న దూదిని ఆ పళ్లతో మెల్లగా దువ్వుతూ ఉంటే నలుసు రాలిపోతుంది, పోచలు ఒకే దిక్కుకు వరుసగా లేస్తాయి. తొందరపడితే పోచ తెగుతుంది. తెగిన పోచతో సన్ననూలు రాదు. ఆ తర్వాత గింజ తీసి, విల్లుతో మళ్లీ వదులు చేసి, ఏకులు చుట్టి, అవి నలగకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. ఏకడం అన్న మాటలోని అసలు మర్యాద ఈ పనిలో కనిపిస్తుంది. విడదీయాలి, కానీ తెంచకూడదు.

పడమటి దేశాల వాళ్లూ ఈ పనికి పళ్లున్న వస్తువు కోసం ప్రకృతినే ఆశ్రయించారు. ఊలు మిల్లుల్లో వినిపించే ‘కార్డింగ్’ అన్న ఇంగ్లీషు మాట వెనుక ‘కార్దూస్’ అనే లాటిన్ మాట ఉంది. అది ఒక ముళ్లమొక్క పేరు. మనవాళ్లకు చేప దవడ దొరికింది, వాళ్లకు ముళ్లకాయ దొరికింది.

ఇక ఎక్కువ దూదికి, పరుపులకు, దిండ్లకు చేప దవడ చాలదు. అక్కడ విల్లు కావాలి. పొడుగాటి కర్రకు నరం బిగించి, ఆ నరాన్ని దూదిలో ఆనించి, చెక్క సుత్తితో కొడితే నరం కంపిస్తుంది. ఆ కంపనానికి దూది పింజలు పింజలుగా విచ్చుకుని పైకి లేస్తుంది. ఈ విల్లును భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగినవాళ్లు దూదేకులవాళ్లు. దూది, ఏకు, రెండు మాటలూ ఆ పేరులోనే ఉన్నాయి. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య ఇంటిపేరులా ఈ పనిపేరుతోనే జనం నోట నిలిచాడు. ప్రభుత్వ కులాల జాబితాలో దూదేకుల పక్కన లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అనే పేర్లు కూడా కనిపిస్తాయి. అరబ్బీలో ‘నద్దాఫ్’ అంటే దూది ఏకేవాడు. ఆ నకారం మన దగ్గర లకారమై లద్దాఫ్ అయింది. పింజారిలో ఉన్నది పింజ. దూదిపింజ అంటాం కదా, ఆ పింజే. ఒకే పనిని చెప్పే మూడు పేర్లు ఒకే సమాజానికి ఉన్నాయి.

ఈ మూడింటిలో ఒక పేరును తెలుగువాళ్లం తిట్టు చేసి పెట్టుకున్నాం. పనికిమాలినవాడు అనడానికి ‘పింజారి’ అంటున్నాం. మన పరుపు మెత్తగా ఉండటానికి రోజంతా దూదిపొడి పీల్చిన మనుషుల పనిపేరు అది. ఏకడం అన్న పనికి ఏకిపారేయడం అన్న అర్థం అంటుకోవడంలో నష్టమేమీ లేదు, అది భాష సహజంగా వేసే అడుగు. పనివాడి పేరు తిట్టు కావడం మాత్రం భాష చేసిన తప్పు కాదు, మనం చేసిన తప్పు.

ఏకు మనకిచ్చిన మరో కానుక సామెత. ‘ఏకు మేకై కూర్చుంది’ అంటాం. మెత్తగా వచ్చినవాడు రానురాను కదలని మేకులా దిగబడిపోతే అనే మాట అది. దూది చుట్ట మేకు కావడం జరగని పని కాబట్టే సామెతలో అంత పదును ఉంది. దూది విషయంలో అది నిజమే. ఎంత నలిపినా, ఎంత తడిపినా దూది దూదిగానే ఉంటుంది, గట్టిపడదు. ఉన్ని విషయంలో మాత్రం సామెత అక్షరాలా జరుగుతుంది.

కారణం పోచలో ఉంది. పత్తి పోచ నునుపుగా ఉంటుంది. గొర్రె ఉన్ని పోచను సూక్ష్మదర్శినిలో చూస్తే ఒంటినిండా చేప పొలుసుల్లాంటి పొలుసులు, ఒకదాని మీద ఒకటి అంచులు ఎక్కించి పేర్చినట్టు కనిపిస్తాయి. ఆ అంచులన్నీ మొదలు నుంచి కొస వైపుకు తిరిగి ఉంటాయి. అందుకని ఉన్ని పోచ ఒక దిక్కుకు తేలిగ్గా జారుతుంది, ఎదురు దిక్కుకు పట్టుకుంటుంది. వేడినీళ్లు, సబ్బు, రాపిడి మూడూ కలిసినప్పుడు పోచలు ఒకదాని సందులోకి ఒకటి జరుగుతాయి. జరిగినవి వెనక్కి రాలేవు. జరిగే కొద్దీ చిక్కుకుంటాయి, చిక్కుకునే కొద్దీ దగ్గరవుతాయి. చివరికి కత్తిరిస్తే తప్ప విడిపోని మందపాటి బట్ట తయారవుతుంది. ఊలు స్వెటరును పొరపాటున వేడినీళ్లలో వేసి ఉతికితే అది పిల్లల స్వెటరంత అయిపోవడానికీ ఇదే కారణం. ఈ గుణాన్ని తెలిసి, కావాలని వాడుకుంటే వచ్చే బట్టనే ఫెల్ట్ అంటున్నాం.

ఫెల్ట్‌కు నూలు అక్కర్లేదు. రాట్నం అక్కర్లేదు, మగ్గం అక్కర్లేదు. పడుగూ పేకా లేని బట్ట అది. పడుగూ పేకల్లా కలిసిపోయారు అనడం అలవాటైన మనకు, ఆ రెండూ లేకుండా బట్ట ఉంటుందనడమే వింతగా తోస్తుంది. నేయడం, అల్లడం, కుట్టడం, వడకడం, పేనడం అన్నింటికీ తెలుగులో క్రియలున్నాయి. ఉన్నిని ఇలా బట్ట చేయడానికి మాత్రం చేతిపని పేరుగా ఒక క్రియ స్థిరపడలేదు. అయినా ఆ జరిగే పనిని వర్ణించే మాట మన నోట ఎప్పుడూ ఉంది. దువ్వని జుట్టును చూసి ఏమంటాం? అట్టకట్టింది అంటాం. పుస్తకానికి వేసే అట్ట, చెప్పుకు వేసే అట్ట, మందంగా పలకలా ఉండే ఏదైనా అట్టే. పోచలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని పలకలా మారడం అట్టకట్టడం. ఫెల్ట్ తయారీని ఇంతకన్నా కచ్చితంగా చెప్పే మాట నాకు తోచదు. మనం దాన్ని ఒక లోపానికి పేరుగా వాడాం. ఉన్ని దేశాలవాళ్లు అదే లోపాన్ని పట్టుకుని గుడారాలు, చెప్పులు, టోపీలు, తివాచీలు చేసుకున్నారు.

మన దగ్గర ఈ చేతిపని ఎందుకు పెరగలేదో మన గొర్రెలే చెబుతాయి. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఉన్న దక్కనీ గొర్రె బొచ్చు ముతకది, నల్లనిది. దాన్ని కత్తిరించి, ఏకి, ఇంటి ఆడవాళ్లు వడికితే, కురుమలు నేసేది గొంగడి. చింతగింజల గంజి పెట్టి దాన్ని గట్టి చేస్తారు. కాపరికి అది చలికి కప్పుకునేది, వానకు నెత్తిన వేసుకునేది, రాత్రికి పరుచుకునేది. గొంగడి నేతబట్టే, ఫెల్ట్ కాదు. అయితే తడీ రాపిడీ తగిలే కొద్దీ నేసిన ఉన్ని కూడా కొంత అట్టకడుతుంది. ఏళ్ల తరబడి వాడిన ఉన్ని కంబళిలో నేత సందులు కనపడకపోవడం అందుకే. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అన్న సామెత, గొంగళిపురుగు అన్న పేరు, రెండూ ఆ బొచ్చుబట్టను రోజూ వాడిన జనం కన్నులతో చూసి పెట్టినవి. ఏకడం అన్న మాట కూడా దూది దగ్గరే ఆగలేదు. గొర్రె బొచ్చును ఏకడమూ ఏకడమే.

ఉన్ని అన్న మాటకు కూడా ఒక చరిత్ర ఉంది. సంస్కృతంలో ‘ఊర్ణ’. సాలెపురుగును ఊర్ణనాభం అంటారు, బొడ్డులో ఉన్ని గలది అని. ఊర్ణ ప్రాకృతంలో ‘ఉణ్ణ’ అయింది, తెలుగులో ఉన్ని అయింది, హిందీలో ఊన్ అయింది. అదే మూలం పడమరకు నడిచి లాటిన్‌లో ‘లానా’, జర్మన్‌లో ‘వొల్లె’, ఇంగ్లీషులో ‘వూల్’ అయింది. ఆ ఇంగ్లీషు మాట బట్టల దుకాణాల ద్వారా మన దగ్గరకు వచ్చి ‘ఊలు’ అయింది. ఉన్ని స్వెటరు, ఊలు స్వెటరు అని మనం రెండు మాటలుగా వాడుతున్నది ఒకే మూలం నుంచి రెండు దారుల్లో మన ఇంటికి చేరిన అక్కచెల్లెళ్లను.

ఫెల్ట్ అన్న మాట కూడా మనకు కనిపించినంత పరాయిది కాదు. జర్మన్ కుటుంబానికి చెందిన ఆ మాట మధ్యయుగపు లాటిన్‌లోకి ‘ఫిల్ట్రమ్’గా వెళ్లింది. అప్పట్లో ద్రవాలను వడకట్టడానికి ఉన్ని అట్టనే వాడేవారు. అలా ఉన్ని అట్ట పేరు వడపోత పేరైంది, ఫిల్టర్ అయింది. పొద్దున్నే మన ఇళ్లలో దిగే ఫిల్టర్ కాఫీ పేరులో ఫెల్ట్ కూర్చుని ఉంది.

మన దేశంలో ఈ బట్టకు పాత పేరు ఒకటుంది. సంస్కృతంలో ‘నమతం’, పాలిలో రాసిన బౌద్ధ వినయ గ్రంథాల్లో ‘నమతకం’. పారశీకంలో ‘నమద్’. కాశ్మీరులో ‘నమ్దా’. ఫెల్ట్ మీద ఎంబ్రాయిడరీ, చలికాలపు చేతిపని, రెండూ నిజంగా కలిసే చోటు ఆ కాశ్మీరే.

అక్కడ చలికాలానికి క్యాలెండరు వేరు. డిసెంబరు 21న మొదలై 40 రోజులుండే తీవ్రమైన చలిని ‘చిల్లై కలాన్’ అంటారు. ఆ తర్వాత 20 రోజులు ‘చిల్లై ఖుర్ద్’, ఆపైన 10 రోజులు ‘చిల్లై బచ్చా’. పెద్ద చలి, చిన్న చలి, పిల్ల చలి అన్నమాట. పారశీకంలో నలభైని ‘చిహిల్’ అంటారు. సూఫీలు చేసే నలభై రోజుల ఏకాంత సాధనకూ చిల్లా అనే పేరు. మన దర్గాల దగ్గర వినిపించే చిల్లా అదే. పొలం పని ఆగిపోయి, మంచు దారులు మూసేసి, ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల కాంగ్‌డీ అనే నిప్పుల కుంపటి పెట్టుకుని కూర్చునే రోజులవి. చేతికి పని కావాలి. ఆ పని ఒడిలో ఇమిడేది కావాలి. కాశ్మీరు సూదిపనికి ఇంత ఓపిక రావడంలో ఆ చలికీ చెయ్యి ఉంది.

నమ్దా రెండు అంచెల్లో తయారవుతుంది. మొదటిది అట్ట. ఉన్నిని బాగా ఏకి, గడ్డిచాప మీద పొరలు పొరలుగా ఎక్కడా పలచన లేకుండా పరుస్తారు. సబ్బునీళ్లు చిలకరిస్తారు. చాపతో సహా గట్టిగా చుట్టి, తాడు కట్టి, కాళ్లతోనూ ముంజేతులతోనూ అటూ ఇటూ దొర్లిస్తారు. విప్పి, పలచబడ్డ చోట మళ్లీ ఉన్ని వేసి, మళ్లీ చుట్టి దొర్లిస్తారు. చివరికి ఉతికి ఆరబెడతారు. ఉన్ని ఖరీదెక్కువని దూది కలపడం కూడా ఉంది. కానీ దూదికి పొలుసులు లేవు కదా, అది కలిసినంత మేరా పట్టు తగ్గుతుంది. మంచి నమ్దాను ఎక్కువ ఉన్నితోనే చేయాలి.

రెండో అంచె కుట్టు. అట్ట మీద చినారు ఆకులు, పూలు, తీగలు గీసి, ‘ఆరీ’ అనే కొక్కెం సూదితో రంగు ఊలుదారం పట్టి గొలుసు కుట్టు వేస్తారు. దారం బట్ట కింద ఉంటుంది. సూది పైనుంచి దిగి, కింది దారాన్ని కొక్కేనికి తగిలించుకుని పైకి లాగి ఒక కన్ను చేస్తుంది. ఆ కంట్లోంచే మళ్లీ దిగి తర్వాతి కన్ను చేస్తుంది. ఇలా కన్నులో కన్ను గొలుసై ఆకు అంచు వెంట నడుస్తుంది. అట్ట మందంగా ఉంటుంది కాబట్టి కుట్టు లోపలికి దిగబడి నిలుస్తుంది.

ఈ ఆరీ మనకు బాగా తెలిసినదే. పెళ్లి జాకెట్లకు వేసే మగ్గం వర్క్ దీనితోనే చేస్తారు. నేత లేని పనికి మగ్గం వర్క్ అన్న పేరు రావడానికి కారణం, బట్టను నాలుగు వైపులా బిగించే చట్రాన్ని మగ్గం అనడం. ఆరీ అన్న మాట ఇంకా పాతది. సంస్కృతంలో ‘ఆరా’ అంటే తోలుకు రంధ్రం చేసే సాధనం, చెప్పులు కుట్టేవారి చేతిలోది. గుజరాత్‌లోని కచ్‌లో ఆరీ కుట్టుకు ‘మోచీ భరత్’ అని పేరుంది, అంటే చెప్పులు కుట్టే మోచీల కుట్టుపని. తోలుపని చేతుల నుంచే ఆ సూది పట్టుబట్టల మీదకు ఎక్కింది.

ఆ కచ్ గురించి ఇంకో సంగతి ఉంది. అక్కడ నమ్దాలు చేసేది మన్సూరీలు, పింజారాలు అనే సమాజాల వాళ్లు. పింజారా, పింజారి ఒకటే మాట. ఉన్ని దొరికిన కచ్‌లో పింజ ఏకేవాళ్లు ఏకిన ఉన్నిని అట్టకట్టించి నమ్దా చేశారు. పత్తి పండే మన నేలలో అదే పేరున్నవాళ్లు దూదిని ఏకి పరుపులు నింపారు. ముడిసరుకు మారింది, పని పేరు మారలేదు. తెలుగులో తిట్టుగా దిగజారిన మాట పడమటి ప్రాంతంలో ఒక అందమైన బట్ట చేసేవారి పేరుగా నిలిచి ఉంది.

నమ్దా ఇప్పుడు బలంగా లేదు. రాజస్థాన్‌లోని టోంక్‌లోనూ, కచ్‌లోనూ, కాశ్మీరులోనూ చేసేవాళ్లు తగ్గిపోయారు. మంచి ఉన్ని దొరక్క, నేర్చుకునే పిల్లలు లేక కాశ్మీరు నమ్దా బాగా చితికిపోతే, దాన్ని నిలబెట్టడానికి 2021లో కేంద్ర ప్రభుత్వం శిక్షణ ప్రాజెక్టు మొదలుపెట్టింది. కిర్గిజ్‌స్థాన్‌లోనూ ఇదే కథ. అక్కడి ఫెల్ట్ తివాచీలు రెండు రకాలు. రంగు ఉన్నిని పొరల్లోనే బొమ్మగా పరిచి అట్టకట్టించేది ‘అలా కియిజ్’, రెండు రంగుల అట్టలను కత్తిరించి ఒకదాంట్లో ఒకటి అమర్చి కుట్టేది ‘షిర్దాక్’. యునెస్కో ఈ రెండింటినీ 2012లో తక్షణం కాపాడుకోవలసిన సాంస్కృతిక సంపద జాబితాలో చేర్చింది.

ఈ పని ఎంత పాతదో ఆల్టాయ్ పర్వతాల్లోని పాజిరిక్ సమాధులు చూపించాయి. రెండువేల మూడువందల ఏళ్లకు పైబడ్డ ఆ సమాధుల్లోకి నీళ్లు దిగి గడ్డకట్టడంతో లోపలి ఉన్ని కుళ్లకుండా నిలిచింది. సోవియట్ పురావస్తు శాస్త్రవేత్త సెర్గేయ్ రుదెంకో తవ్వకాల్లో ఫెల్ట్ తెరలు, జీను కప్పులు, వాటితోపాటు ఫెల్ట్‌తో కుట్టి లోపల కూరిన హంసలు కూడా బయటపడ్డాయి. అవి ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. ఈ రోజు చలిదేశాల్లో ఇళ్లలో కూర్చుని ఫెల్ట్ పిట్టలు చేసుకునేవారు, తెలిసో తెలియకో, ఆ హంసలు చేసిన చేతుల వారసులు.

ఇప్పుడది చాలామందికి చలికాలపు కాలక్షేపం. చలిదేశాలకు వెళ్లిన మన పిల్లలకు కూడా అక్కడి బడుల్లో ఈ పని ఎదురుకావచ్చు. ఇక్కడైనా, కాస్త చలి ముదిరే ఆదిలాబాద్‌లోనైనా అరకులోనైనా, ఒక సాయంత్రం చేసుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గుప్పెడు వడకని మెరినో గొర్రె ఉన్ని, సబ్బు, వేడినీళ్లు, ఒక పాత తువ్వాలు చాలు. దుకాణాల్లో దొరికే రంగు ఫెల్ట్ ముక్కల్లో చాలావరకు పాలియెస్టరువి. కుట్టుకు అవి పనికొస్తాయి కానీ అట్టకట్టే పని నేర్పవు. అందుకు నిజమైన ఉన్ని కావాలి.

ఉన్నిని వేళ్లతో చిన్న చిన్న పింజలుగా లాగండి. పీకకూడదు, లాగాలి. పింజ సన్నని పొరలా విచ్చుకుంటుంది, దాని వెనుక మీ వేలి రంగు కనిపించాలి. అలాంటి పింజలను తువ్వాలు మీద ఒకదాని అంచు మీద ఒకటి పడేలా ఒక వరుస పరవండి. దాని మీద రెండో వరుసను అడ్డంగా, ఆపైన మూడోదాన్ని మళ్లీ నిలువుగా పరవండి. దిక్కు మార్చకపోతే బట్ట ఒకే వైపు పట్టుకుని రెండోవైపు చీలుతుంది. వేడి సబ్బునీళ్లు చిలకరించి, మొదట అరచేత్తో అదమండి. ఇప్పుడే రుద్దితే పొరలు చెదిరిపోతాయి. పైపొర కాస్త పట్టాక మెల్లగా గుండ్రంగా రుద్దండి. కాసేపటికి ఒక చోట గిల్లి చూడండి. వేళ్లకు పోచలు విడిగా లేస్తే ఇంకా కాలేదు. గిల్లినప్పుడు బట్టంతా కలిసి లేస్తే అట్టకట్టడం మొదలైనట్టు. ఇక తువ్వాల్లో చుట్టి దొర్లించండి. అది కుంచించుకుని, పరిచిన కొలతలో దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ఆ కుంచించుకోవడమే దాని బలం.

ఆరాక దాని మీద కుట్టు వేయడం ఒక ప్రత్యేకమైన సుఖం. అంచు మడవక్కర్లేదు, పోగు ఊడదు, ఎందుకంటే ఊడడానికి పోగే లేదు. గొలుసు కుట్టుతో కొమ్మ, కాడ కుట్టుతో ఆకు ఈనె, ముడి కుట్టుతో పుప్పొడి, చుట్టూ బ్లాంకెట్ కుట్టుతో అంచు వేసుకోవచ్చు. ఆ కుట్టుకు ఆ పేరు రావడం ఎందుకంటే కంబళ్ల అంచు కట్టడానికి వాడేవారు కాబట్టి. తడి లేకుండానే అట్టకట్టించే పద్ధతి కూడా ఉంది. గాట్లున్న సన్నని సూదితో ఉన్నిని పొడుస్తూ పోతే ఆ గాట్లు పోచలను లోపలికి లాగి చిక్కిస్తాయి. ఫ్యాక్టరీ యంత్రాల కోసం పుట్టిన ఆ సూది ఇప్పుడు ఇళ్లలో బొమ్మలు చేస్తోంది. అది వేలిలో దిగితే లోతైన గాయమవుతుంది, కాబట్టి చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు, వాళ్లకు సబ్బునీళ్ల పద్ధతే మంచిది.

ఈ పని మొత్తంలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది మొదటి అంచె. ఉన్ని ఎంత గట్టిగా అట్టకట్టాలనుకుంటామో అంత బాగా ముందు దాన్ని ఏకాలి. ఉండలు ఉండలుగా ఉన్న ఉన్నిని నేరుగా తడిపి రుద్దితే పట్టే చోట పట్టి, పట్టని చోట చిల్లులు పడుతుంది. ఏ పోచ దాని పక్క పోచ నుంచి విడివడిందో, ఆ పోచే మిగతా అన్నింటితోనూ చిక్కుకోగలుగుతుంది. సంస్కృతపు ‘ఏక’కూ తెలుగు ‘ఏకు’కూ భాషాశాస్త్రం ప్రకారం సంబంధం లేకపోయినా, పని ప్రకారం ఏకితేనే ఏకం అవుతుంది. మనుషుల మధ్య అయినా మాటల మధ్య అయినా ఇది నిజమని నా నమ్మకం. ముందు దేన్నైనా ఓపికగా విడదీసి, దేనికది చూడగలిగితే, ఆ తర్వాతి కలయిక తెగదు.

అందుకని నా కోరికలు రెండు. ఈ చేతిపనిని తెలుగులో నేర్పేవాళ్లు, బడుల్లో గానీ వీడియోల్లో గానీ, ‘కార్డింగ్ చేయండి, ఫెల్టింగ్ చేయండి’ అనే బదులు ‘ఏకండి, పరవండి, అట్టకట్టించండి’ అనాలి. ఫెల్ట్ అన్న మాట ఉంటే ఉండనీ, దాని పక్కన ‘ఉన్ని అట్ట’ను కూడా నిలబెట్టాలి. ఆ మాటలు విన్న పిల్లలకు వేళ్లు ఏం చేయాలో మాటే చెబుతుంది. రెండోది, పింజారి అన్న మాటను తిట్టుగా వాడటం మానేయాలి. అది తిట్టు కాదు. పింజను పింజగా విడదీసి, చలిలో మనిషికి వెచ్చదనం ఇచ్చిన పనివాళ్ల పేరు అది. నిఘంటువులో ఆ మాటకు అర్థం వెతికే రేపటి పిల్లవాడికి ముందు ఆ పని, ఆ పనివాళ్లు కనిపించాలి. తిట్టు కనిపించకపోతే ఇంకా మంచిది.